మందుకు మందు
ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



కార్యదర్శిగారు మొదట నాకిచ్చిన అంశం "మన పిల్లలకు తెలుగు నేర్పడం ఎలా?" అన్నది. ఆ అంశం మీద ఈ వేదిక నుంచే నేను ఎన్నిసార్లు మాట్లాడానో నాకే లెక్క లేదు. వినేవారికీ కొత్త లేదు, చెప్పేవాడికీ కొత్త లేదు. అందుచేత ఈసారి వేరే అంశం అడిగి పుచ్చుకొన్నాను. హెరాయిన్ వంటి మత్తుమందులకు అలవాటుపడినవారికి ఒకవైపు మందు, ఒకవైపు కౌన్సెలింగ్ ఇచ్చి చేసే చికిత్స గురించి కొన్ని మాటలు మనవి చేసుకొంటాను. పండుగపూట ఇదేమి మాట అని కొందరికి అనిపించవచ్చు. పొద్దున పచ్చడిలో వేపపువ్వు తినే వచ్చాం గనుక కొంచెం ఓర్చుకోమని కోరుతున్నాను.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పయ్యయిదేళ్లు స్కూల్లో మలాయి భాషలో లెక్కలు చెప్పి, రాత్రిపూట ఇదే భవనంలో వెనుకగదిలో కూర్చుని గుణింతాలు దిద్దుకొన్న మూడో తరం వాణ్ణి. నా తెలుగు రాత్రిబడి తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి. ఆ రాత్రిబడిలో నన్ను మొదట చిక్కుపెట్టిన మాట "మందు". జ్వరానికి వేసుకొనేదీ మందే. చేలో పురుగుకు కొట్టేదీ మందే. తుపాకిలో కూరేదీ మందే. సారాదుకాణంలో తాగేదీ మందే. కోడలు కొడుక్కి ఏదో మందు పెట్టిందని అత్తగారు అనేదీ మందే. నల్లమందు, మత్తుమందు సరేసరి. మలాయిలో ఈ చిక్కు లేదు. వైద్యుడిచ్చేది "ఊబాత్", పోలీసులు పట్టుకొనేది "దాదా". రెండు మాటలకూ మధ్య గోడ ఉంది. మన భాషలో ఆ గోడ లేదు.

ఇది భాషా సమస్యే అయితే నేను మాట్లాడవలసిన అవసరం లేదు. మన ఇళ్లలో అది ప్రాణాల మీదికి తెస్తున్నది. "ఒక మందు మాన్పించడానికి ఇంకో మందు పోస్తారట. అదేం వైద్యం?" ఈ వాక్యం నేను మన పెళ్లిళ్లలో విన్నాను, తద్దినాల్లో విన్నాను, గుడి మెట్ల మీద విన్నాను. ఈ వాక్యానికి జవాబు చెప్పడమే ఇవాళ నా పని.

నల్లమందు మనకు కొత్త కాదు. మన తాతలు బయలుదేరివచ్చిన విశాఖపట్నం, గోదావరి జిల్లాల మన్యపు ప్రాంతాల్లో వందేళ్ల కిందట చలిజ్వరానికి నల్లమందు ముద్ద మింగడం మామూలు సంగతి. వారు పినాంగు రేవులో దిగేసరికి ఇక్కడా సర్కారే నల్లమందు అమ్ముతున్నది. రెండవ ప్రపంచ యుద్ధం దాకా ఆ వ్యాపారం సాగింది. అయితే తోటల్లో మనవాళ్లకు అలవాటు చేసింది కల్లు. నల్లమందు ఎక్కువగా చీనా కూలీల పాలబడింది. దాని పిల్ల మార్ఫిన్, దాని పిల్ల హెరాయిన్. బర్మా, లావోస్, తాయ్‌లాండ్ సరిహద్దులు కలిసే కొండల్లో తయారైన హెరాయిన్ 1970 తరువాత ఈ దేశంలోకి వరదలా వచ్చింది. 1983 లో ప్రభుత్వం దాదాను దేశభద్రతకే ముప్పని ప్రకటించింది. పట్టుబడినవారిని రెండేళ్లపాటు నిర్బంధ కేంద్రాల్లో పెట్టే చట్టం కూడా ఆ ఏడే వచ్చింది.

ఇక్కడ నేను మా ఇంటి సంగతి చెప్పక తప్పదు. నా తమ్ముడు 1982 లో, పద్దెనిమిదో ఏట, తోట విడిచి పట్నంలో మోటారు మరమ్మతు షాపులో చేరాడు. అక్కడే అలవాటు పడ్డాడు. మొదట వెండికాగితం మీద కాల్చి పీల్చాడు, తరువాత సూది. ఇది చెప్పడానికి వాడి అనుమతి తీసుకొన్నాను. అచ్చుకిచ్చే ముందు వాడికి చదివి వినిపించాను కూడా. వాడు తెలుగు చదవలేడు గాని వింటే అర్థమవుతుంది. రెండుచోట్ల కొట్టివేయమన్నాడు, కొట్టివేశాను. వాడు ఈ సభలోనే ఉన్నాడు. దయచేసి ఎవరూ తలలు తిప్పి వెతకవద్దు.

మా నాన్నగారు రబ్బరు పాలు తీసే మనిషి. ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. వాణ్ణి గదిలో పెట్టి తాళం వేశారు. మొదటిరోజు సాయంత్రానికి ముక్కు, కళ్లు కారడం మొదలైంది. రెండోరోజు ఒళ్లంతా గగుర్పాటు, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. మూడో రాత్రి వాడు గోడకు తల కొట్టుకొంటుంటే మా అమ్మ తలుపు బయట కూర్చుని వేంకటేశ్వరస్వామికి మొక్కుకొంది. వారం గడిచేసరికి అన్నం తిన్నాడు, నిద్రపోయాడు. తగ్గిపోయిందనుకొని మొక్కు తీర్చాం. నాలుగో వారంలో మళ్లీ మొదలు.

1984 లో పట్టుబడి రెండేళ్లు ఒక నిర్బంధ కేంద్రంలో ఉన్నాడు. కండపట్టి, నున్నగా జుట్టు కత్తిరించుకొని, సిపాయిలాగా అడుగులు వేసుకొంటూ ఇంటికొచ్చాడు. అమ్మ దిష్టి తీసింది. నెల తిరగలేదు. 1991 లో మరో రెండేళ్లు. మళ్లీ అదే కథ.

దీన్ని మేము వాడి బుద్ధిలోని దోషం అనుకొన్నాం. ఊరంతా అదే అన్నది. కాని 2017 లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్యపత్రికలో మన దేశం గురించే ఒక పరిశోధన వచ్చింది. నిర్బంధ కేంద్రాల నుంచి విడుదలైనవారినీ, మెథడోన్‌తో కూడిన చికిత్స ఇచ్చే కేంద్రాలకు తమంతట తాము వెళ్లినవారినీ పోల్చి చూశారు. విడుదలైనవారిలో సగంమంది మళ్లీ పాత మత్తులో పడడానికి పట్టినకాలం 31 రోజులు. రెండోవారిలో అది 352 రోజులు. లెక్కల మాస్టారును గనుక ఆ రెండు అంకెలను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మా తమ్ముడికి నెల తిరగకపోవడం వాడొక్కడి కథ కాదన్నమాట.

ఎందుకిలా జరుగుతుంది? నాకు అర్థమైనంతవరకు చెబుతాను. మన మెదడులో నొప్పిని, సంతోషాన్ని అదుపుచేసే కొన్ని గూళ్లు ఉన్నాయి. శరీరమే తయారుచేసుకొనే పదార్థాలు వాటిలో కూర్చుంటాయి. హెరాయిన్ వచ్చి ఆ గూళ్లను ఆక్రమిస్తుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే మెదడు తన పద్ధతులన్నీ దానికి అనుగుణంగా మార్చుకొంటుంది. వారం రోజులు గదిలో పెడితే ఒళ్లు నొప్పులు పోతాయి గాని, మెదడులో జరిగిన మార్పు వారంలో పోదు. నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. ఆ కాలమంతా లోపల ఒక తహతహ నడుస్తూనే ఉంటుంది. దీనిని గట్టి మనసుతో గెలిచినవారు లేరని నేననను. ఉన్నారు. తక్కువమంది.

హెరాయిన్ ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు. ఎగరడం, పడడం, మళ్లీ వెతుక్కోవడం, దానికి డబ్బు కోసం ఇంట్లో ఇత్తడి బిందె కూడా అమ్మడం, ఇదీ ఒక రోజు. మెథడోన్ కూడా అదే గూటిలో కూర్చుంటుంది. కాని నెమ్మదిగా ఎక్కి, ఒక రోజంతా నిలుస్తుంది. మోతాదు సరిగ్గా కుదిరినవాడు మత్తులో తూలడు. నొప్పులు లేవు, తహతహ అణుగుతుంది, పనికి వెళ్తాడు. పైన హెరాయిన్ వేసుకొన్నా మునుపటి మజా ఉండదు. రెండోది బ్యుప్రెనార్ఫిన్, నాలుక కింద పెట్టుకొనేది. అది గూటిని గట్టిగా పట్టుకొని సగం పనే చేస్తుంది. కొంత మోతాదు దాటాక ఎంత వేసుకొన్నా ప్రభావం పెద్దగా పెరగదు గనుక ఊపిరి ఆగే ప్రమాదం తక్కువ. అయితే ఒంట్లో హెరాయిన్ ఉండగానే తొందరపడి వేసుకొంటే బాధలన్నీ ఒక్కసారిగా మీదపడతాయి. నొప్పులు మొదలైన తరువాతే మొదటి మాత్ర అని వైద్యులు చెప్పేది అందుకే.

"ఒక మందుకు బదులు ఇంకో మందు" అనేవారికి నా జవాబు ఇది. అవును, బదులే. కాని ఒకటి నాలుగు గంటలకొకసారి సందులో వెతుక్కొనేది, ఇంకొకటి రోజుకొకసారి మందులశాలలో కొలిచి ఇచ్చేది. ఒకటి ఊబాత్, ఒకటి దాదా. తెలుగులో వాటికి ఒకే పేరైతే దోషం తెలుగుదే గాని మందుది కాదు.

మెథడోన్ కొత్త వింత కాదు. జర్మనీలో రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే కనిపెట్టారు. న్యూయార్కులో డోల్, నైస్వాండర్ అనే ఇద్దరు వైద్యులు హెరాయిన్ అలవాటుకు దీన్ని వాడి 1965 లో ఫలితాలు ప్రకటించారు. 2005 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండు మందులనూ అత్యవసర మందుల పట్టికలో చేర్చింది. అదే ఏట మన ప్రభుత్వం మెథడోన్ కార్యక్రమం మొదలుపెట్టింది. కారణం దయ ఒక్కటే కాదు. ఈ దేశంలో ఎయిడ్స్ క్రిమి సోకినవారిలో ఆ రోజుల్లో చాలా పెద్ద భాగం ఒకే సూదిని పంచుకొన్నవారు. భయం చేయించిన మంచిపని అనుకోవచ్చు.

మన జొహోర్ రాష్ట్రంలోని మువార్ పట్నంలో ఒక పరీక్ష జరిగింది. అది 2008 లో లాన్సెట్‌లో వచ్చింది. హెరాయిన్ మానిన 126 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు బ్యుప్రెనార్ఫిన్, ఒక గుంపుకు మత్తును అడ్డగించే నల్ట్రెక్సోన్, ఒక గుంపుకు ఏ మందూ లేని ఉత్తమాత్ర. ఎవరికి ఏది ఇస్తున్నారో ఇచ్చేవారికీ తెలియదు, పుచ్చుకొనేవారికీ తెలియదు. కౌన్సెలింగ్ మాత్రం అందరికీ సమానం. బ్యుప్రెనార్ఫిన్ గుంపువారు మిగతా రెండు గుంపులకంటే ఎక్కువకాలం హెరాయిన్ ముట్టకుండా నిలిచారు. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే పరీక్షను అనుకొన్నదానికంటే ముందే ఆపివేశారు. మంచిమాటలొక్కటే చాలుననేవారు ఈ పరీక్షను గుర్తుపెట్టుకోవాలి. ఇది అమెరికాలో జరిగింది కాదు. మువార్‌లో జరిగింది.

మరి కౌన్సెలింగ్ ఎందుకు? నేను పంతులును. బుద్ధులు చెప్పడమే కౌన్సెలింగ్ అయితే మా తమ్ముడికి 1982 లోనే నయమై ఉండాలి. వాడికి చెప్పని బుద్ధి లేదు. 2007 లో వాడు క్లినిక్ కెసిహాతన్‌లో మెథడోన్‌కు చేరినప్పుడు అక్కడి కౌన్సెలరమ్మ ఒక్క బుద్ధీ చెప్పలేదట. అడిగిందట. జీతం ఏ రోజున వస్తుంది? ఆ రోజు ఏ దారిన ఇంటికి వెళ్తావు? ఆ దారిలో ఎవరు కనబడతారు? కనబడితే ఏమంటావు? బస్టాండు వెనుక సందు వాడికి ప్రమాదం. ఆ సందు తప్పించి ఇంకో దారిన నడవడం నేర్చుకొన్నాడు. జీతం కవరు విప్పకుండా మా మరదలికి ఇచ్చే ఏర్పాటు చేసుకొన్నాడు. ఒకసారి జారాడు. ఆవిడ కేకలెయ్యలేదు. ఆ రోజు పొద్దుటి నుంచి ఏమేమి జరిగిందో గంట గంటకూ చెప్పించింది. మా మరదల్ని కూడా పిలిచి కూర్చోబెట్టింది, తిట్టడానికి కాదు, ఆవిడ పడ్డ పాతికేళ్ల బాధ వినడానికి. ఆవిడను అంతకుముందు అది ఎవరూ అడగలేదు.

మొన్న నేను వాణ్ణి అడిగాను, ఈ రెండిటిలో నీకు ఏది పనిచేసిందిరా అని. "సిరప్ తాగితే ఒళ్లు ఊరుకొంటుంది అన్నయ్యా, బుర్ర ఊరుకోదు. బుర్ర కోసం ఆవిడ దగ్గరికి పోతాను" అన్నాడు. అయితే ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. కౌన్సెలింగ్‌కు మనిషి దొరకలేదనో, రోగి వద్దన్నాడనో మందు ఆపకూడదు. 2009 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే చెబుతున్నాయి. రెండూ ఉంటే మేలు, ఒకటే దొరికితే మందు ముందు.

ఇప్పుడు నేను ఈ అంశం ఎందుకు అడిగి తీసుకొన్నానో చెబుతాను. నా దగ్గర చదువుకొన్న ఒక కుర్రవాడు, మన సంఘం కుటుంబంవాడే, పేరు గాని ఊరు గాని చెప్పను. తొమ్మిదేళ్లు మెథడోన్ మీద నిలకడగా ఉన్నాడు. లారీ కంపెనీలో ఉద్యోగం, సొంత మోటారుసైకిలు. చెల్లెలి పెళ్లి కుదిరింది. మగపెళ్లివారి తరపు పెద్దమనిషి ఒకాయన వాణ్ణి రోజూ పొద్దున క్లినిక్ దగ్గర చూసి, "ఇంకా మానలేదన్నమాట" అన్నాడు. ఆ ఒక్కమాటకు ఇంట్లో పంచాయితీ అయింది. పెళ్లిలోగా మానెయ్యమన్నారు. వాడు చెల్లెలి మీద ప్రేమ కొద్దీ ఒక్కసారిగా మానేశాడు. పెళ్లి బాగానే జరిగింది. పందిట్లో వాడే వడ్డించాడు, నా విస్తట్లో రెండోసారి పులిహోర వేశాడు. మూడు వారాల తరువాత లారీ షెడ్డు వెనుక చనిపోయి కనిపించాడు. పక్కన సూది ఉంది. తొమ్మిదేళ్లకిందట వాడు తట్టుకోగలిగిన మోతాదు ఇప్పుడు వాడి ఒంటికి విషం.

వాళ్లమ్మ నన్ను అడిగింది, "మాస్టారూ, మానెయ్యడం మంచిపని కాదా?" అని. ఆ తల్లికి నేను అప్పుడు ఏమీ చెప్పలేదు, పక్కన కూర్చున్నానంతే. చెప్పవలసింది మిగతావారికి. 2017 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అనేక దేశాల పరిశోధనలను కూడి ఒక లెక్క వేశారు. మెథడోన్ తీసుకొంటున్నవారిలో ఏడాదికి వెయ్యికి సుమారు 11 మంది చనిపోతే, చికిత్స నుంచి బయటపడినవారిలో సుమారు 36 మంది చనిపోతున్నారు. అందులోనూ మానిన మొదటి నాలుగు వారాలు మరీ ప్రమాదం. పెళ్లికి, గృహప్రవేశానికి, అయ్యప్ప మాలకు, మరెవరో ఏమో అనుకొంటారని ఈ మందు మాన్పించవద్దు. మానాలని రోగికే ఉంటే వైద్యునితో మాట్లాడి, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించే పద్ధతి ఉంది. కొందరు అలా బయటపడ్డారు. కొందరికి జీవితాంతం అవసరం. ఈ హాలులో ఎందరి జేబుల్లో షుగరు మాత్రలున్నాయో నాకు తెలుసు. పదేళ్లయింది ఇంకా మానలేదా అని వారిని ఎవరూ అడగరు.

మోతాదు విషయంలోనూ ఇంట్లో వేలు పెట్టకూడదు. మొదటిరోజు 20 లేక 30 మిల్లీగ్రాములకు మించి ఇవ్వరు, జాగ్రత్తగా పెంచుతారు. చాలామందికి 60 నుంచి 120 దాకా కావాలి. తక్కువ తాగేవాడు మంచివాడని, ఎక్కువ తాగేవాడు చెడ్డవాడని లేదు. తక్కువైతే తహతహ అణగదు, అంతే.

ఇది అమృతమని మాత్రం నేననను. మలబద్ధకం, చెమటలు, పళ్లు పాడవడం ఉన్నాయి. కొందరికి గుండె పరీక్ష చేయించాలి. సారాతో గాని, నిద్రమాత్రలతో గాని కలిస్తే ఊపిరి ఆగవచ్చు. మొదట్లో రోజూ వెళ్లి మందులశాల కిటికీ దగ్గర, ఇచ్చినవారి ఎదుటే తాగాలి. నిలకడ కనబడితే కొన్ని రోజులది ఇంటికిస్తారు. ఆ సీసా తాళంలో ఉండాలి. పెద్దవాడికి ఒకరోజు మోతాదు పసిపిల్ల ప్రాణం తీస్తుంది. గర్భిణీ స్త్రీ ఎవరైనా ఈ మందు మీద ఉంటే భయపడి మాన్పించకూడదు, వైద్యునికి చెప్పి కొనసాగించాలి. జైలు నుంచి వచ్చినవాడిని మొదటి వారాల్లో ఒంటరిగా వదలవద్దు. ఇంకో మాట, ఈ చికిత్స హెరాయిన్ జాతికే. ఇప్పటి కుర్రవాళ్లలో ఎక్కువగా కనబడే శ్యాబుకు మెథడోన్ పనిచేయదు. దానికి కౌన్సెలింగే ప్రధానం. శ్యాబు వాడేవాడిని తీసుకెళ్లి సిరప్ ఇవ్వమని గొడవపెట్టుకొన్న తండ్రిని నేనెరుగుదును.

మా తమ్ముడి సూదులు వాడికి హెపటైటిస్-సి కూడా తెచ్చిపెట్టాయి. 2017 లో ప్రభుత్వం పేటెంటును పక్కనపెట్టి ఆ రోగపు మందును చవకగా తెప్పించింది. వాడికి నయమైంది. ఇప్పుడు స్కూలు తోటమాలిగా పనిచేస్తున్నాడు. మనుమరాలికి నాట్యం నేర్పిస్తున్నాడు.

కౌలాలంపూర్‌లో మలాయా విశ్వవిద్యాలయం దగ్గరి అర్-రహ్మాన్ మసీదులో మెథడోన్ ఇచ్చే కార్యక్రమం నడిపారు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు ముచ్చటేసింది, కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. మన దగ్గర మందు ఇచ్చే ఏర్పాటు నేను అడగడం లేదు. అది క్లినిక్ పని. నేను కార్యవర్గాన్ని అడిగింది ఒక్కటే, వెనుకగది. ప్రతినెలా మూడో మంగళవారం రాత్రిబడికి సెలవు. ఆ రాత్రి ఆ గది ఖాళీ. ఇంట్లో ఈ బాధ ఉన్న తల్లులు, తండ్రులు, భార్యలు, అన్నదమ్ములు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మా మరదలు వస్తుంది, కాఫీ ఆవిడ పెడుతుంది. పేర్లు రాసుకొనే పుస్తకం ఉండదు. తెలుగు రాకపోయినా ఫరవాలేదు, మలాయిలో మాట్లాడుకొందాం. పెరటివైపు తలుపు ఏడున్నరకు తీసిపెడతాను, ముందు గేటు వైపు రావలసిన పని లేదు.

 పిల్లల కోలాటం ఆలస్యమైందని సైగ చేస్తున్నారు.